సున్నా అయినా పెట్టండి

మొన్న ఆదివారం మధ్యాహ్నం ప్రభుత్వ ఆరోగ్య పథకం వాళ్ళ కొత్త రేట్ల జాబితా నా ఫోనుకి వచ్చింది. రేపల్లెలో చిన్న ఆసుపత్రి నడుపుతున్న ఫిజీషియన్ని కాబట్టి ఇలాంటివి నాకు వస్తుంటాయి. పేజీలు జరుపుకుంటూ పోతుంటే దాదాపు చివర్లో, ‘వృద్ధులకు సమగ్ర పరీక్ష, మందుల సమీక్ష’ అన్న పద్దు కనిపించింది. దాని రేటు పెంచారు. మరీ ఎక్కువేం కాదు. పెంచిన దానితో తెనాలి స్టేషన్ బయట ఒక మనిషి టిఫిన్ చేసి కాఫీ తాగొచ్చు. రెండో కాఫీ కావాలంటే మాత్రం సొంత డబ్బు పెట్టుకోవాలి.

వెంటనే ఒకరికి చెబుదామని ఫోనులో పేరు వెతికాను. పేరు దొరికింది. ఆయన పోయి ఏడాది దాటిందన్న సంగతి పేరు మీద వేలు పెట్టాక గుర్తొచ్చింది. ఫోను బల్ల మీద బోర్లా పెట్టేశాను.

తెనాలిలో ఆయన ఆసుపత్రిలో నేను కొన్నేళ్ళు పనిచేశాను. రోజూ పొద్దున రేపల్లె పాసింజరులో వెళ్ళి సాయంత్రం అదే బండిలో తిరిగొచ్చేదాన్ని. ఊళ్ళో ఆయన్ని ముసలివాళ్ళ డాక్టరు అనేవాళ్ళు. ఆయన అందుకోసం ప్రత్యేకంగా చదివిందేమీ లేదు. ఎలా అయ్యారండి అని ఒకసారి అడిగాను. “ముసలివాళ్ళకి తీరిక ఎక్కువ, నాకూ ఎక్కువే. అలా కుదిరింది” అన్నారు. నవ్వలేదు. ఆయన నవ్వగా చూసినవాళ్ళు ఆసుపత్రిలో ఎవరూ లేరు.

ఆయన బల్లకు అవతల కూర్చునేవారు కాదు. కుర్చీని పేషెంటు పక్కకి లాక్కుని, మోకాలికి మోకాలు తగిలేంత దగ్గరగా కూర్చునేవారు. ముందు పేషెంటు కళ్ళజోడు అడిగి తీసుకుని, తన చొక్కా అంచుతో తుడిచి తిరిగి పెట్టేవారు. చూపు మందగించిందని వచ్చినవాళ్ళలో కొందరికి అక్కడితోనే నయమైపోయేది. దానికీ జాబితాలో రేటు లేదని నాకు గుర్తుచేసేవారు. ఆ తర్వాత మొదటి ప్రశ్న, పొద్దున ఏం తిన్నావు. రెండోది, ఎవరు వండారు. జబ్బేంటన్న ప్రశ్న చాలా ఆలస్యంగా వచ్చేది, ఒక్కోసారి వచ్చేదే కాదు. భట్టిప్రోలు నుంచి ఒక రైతుని స్పృహ లేకుండా తెచ్చారు. గ్లూకోజు ఎక్కించాక లేచాడు. ఆయన ఈ రెండు ప్రశ్నలే వేశారు. భార్య కూతురి పురుడుకి వెళ్ళిందట, ఈయన అన్నం వండుకోవడం మానేశాడట, షుగరు మాత్ర మాత్రం ఒక్కపూట కూడా మానలేదట. “మాత్ర వేసుకోవడం తెలిసిన మనిషికి గంజి కాచుకోవడం తెలియకపోతే ఎట్లా” అని ఆయన ఆ రైతుకి ఎసట్లో ఎన్ని నీళ్ళు పోయాలో చెప్పడం మొదలుపెట్టారు. బయట జనం ఎదురుచూస్తూనే ఉన్నారు.

టిఫిన్ వేళకి ఇడ్లీలు తెప్పించుకుని, చట్నీ లేకుండా తింటూ, పథకం రేట్ల గురించి మాట్లాడేవారు. రోజూ అదే. జనం ఎండ గురించీ ముసురు గురించీ మాట్లాడుకుంటారే, అలా. కోపం ఉండేది కాదు. పథకంలో ఒక్కో జబ్బుకి ఒక్కో ప్యాకేజీ. నిమోనియా అంటే నిమోనియాకి ఇంత. పాతికేళ్ళ కుర్రాడు నాలుగు రోజులు పడుకుని లేచిపోతాడు. ఎనభై ఏళ్ళాయనకి అదే నిమోనియా వస్తే షుగరు తిరగబడుతుంది, కిడ్నీ మొరాయిస్తుంది, మంచం దిగడానికి మూడు వారాలు పడుతుంది. ఇచ్చేది మాత్రం ఇద్దరికీ ఒకటే.

“ఫ్యాను మోటారు చుట్టేవాడి దగ్గరికి పాత ఫ్యాను తీసుకెళ్ళమ్మా” అనేవారు నాతో. “ఎక్కువ అడుగుతాడు. పాతదానికి పని ఎక్కువ కాబట్టి. ఆ సంగతి ఫ్యాన్లవాళ్ళకి తెలుసు.”

ఇంకో చిక్కుంది. ఒక మనిషికి కంప్యూటరు ఒక్క ప్రధాన జబ్బునే ఒప్పుకునేది. అందులో వివరాలు ఎక్కించే పని రజియాది, తెనాలి అమ్మాయే, ఏ జబ్బు పెట్టమంటారు సార్ అని వచ్చి నిలబడేది. డెబ్భై దాటాక ఒక్క జబ్బుతో వచ్చిన మనిషిని తానింకా చూడలేదని ఆయన అనేవారు. అందుకని నిర్ణయం పేషెంటుకే వదిలేసేవారు. ఒకసారి ఖాదర్ గారు మంచం మీద ఉన్నారు. ఒకప్పుడు మా ఆసుపత్రి వెనక సందులో టైలరింగు షాపు నడిపిన పెద్దాయన. ఊపిరి ఆయాసం, షుగరు, మోకాళ్ళు, ప్రోస్టేటు, అన్నీ ఉన్నాయి.

“ఖాదర్ గారూ, అక్కడ ఒక్క జబ్బుకే చోటుందట. దేన్ని పెట్టమంటారు?”

ఖాదర్ గారు ఆలోచించారు. “ఏది ఎక్కువిస్తే అది పెట్టండి డాక్టరు గారూ. మీకూ జరగాలిగా.”

“అట్లా కుదరదు. ఏది ఎక్కువ బాధపెడితే అది.”

“అయితే మా తమ్ముణ్ణి పెట్టండి” అన్నారు ఖాదర్ గారు. సారు రజియా వైపు తిరిగి, తమ్ముడు జాబితాలో ఉన్నాడేమో చూడమ్మా అన్నారు. రజియా ఒకసారి కంప్యూటరు వైపు చూసి, ఆయాసం అని కొట్టింది.

ఆయన్ని ఎవరైనా మీరు దేవుడండి అంటే ఊరుకునేవారు కాదు. “దేవుడికి రేటు లేదు. నాకుంది. తక్కువైనా ఉంది” అనేవారు. ఆ ‘తక్కువ’ అన్న మాట మీద కొంచెం ఒత్తు.

ఆ తక్కువ ఎంత తక్కువో తెలిసిన మనిషి వాళ్ళావిడ. ఆసుపత్రి లెక్కలన్నీ మేడమే చూసేవారు. నేను చేరేనాటికే ముందు గది సెల్‌ఫోన్ల షాపుకి అద్దెకిచ్చేశారు. తర్వాత పై అంతస్తు ఒక కోచింగ్ సెంటరుకి ఇచ్చారు. ముసలివాళ్ళు కింద దగ్గుతుంటే పైన పిల్లలు లెక్కలు వల్లించేవాళ్ళు. మేడం ఎప్పుడూ గొంతు పెంచలేదు. పథకం కార్డు మీద వచ్చే పెద్దవయసు వాళ్ళని తగ్గించుకుందాం, లేదంటే కింద అంతస్తు కూడా ఇచ్చేద్దాం, ఏదో ఒకటి మీరే చెప్పండి అన్నారు. ఆయన వచ్చే వారం చెబుతానన్నారు. ప్రతివారం అదే చెప్పారు.

మిగతా ఆసుపత్రులు అప్పటికే ఒక దారి కనిపెట్టాయి. పెద్దవయసు మనిషిని కార్డుతో తీసుకొస్తే బెడ్లు లేవనడం. ఎవరూ కాదన్నట్టు ఉండదు, పని జరిగిపోతుంది. మీరూ అలా అనండి అని తోటి డాక్టర్లు మా సారుకి చెప్పి చూశారు. “ఉన్న బెడ్డు లేదని చెప్పాలంటే ఏది ఎవరికి లేదన్నానో గుర్తుపెట్టుకోవాలి. నాకంత జ్ఞాపకశక్తి లేదు” అన్నారు. వాళ్ళు దాన్ని మంచితనం కింద జమకట్టారు. ఆయన చెప్పింది జ్ఞాపకశక్తి గురించే.

ఆ రోజుల్లోనే రేట్ల మీద డాక్టర్ల అభిప్రాయాలు వింటామని బాపట్లలో సమావేశం పెట్టారు. పైఆఫీసు నుంచి రేట్లు చూసే అధికారి వస్తున్నారు. మాట్లాడదలచిన ఒక్కో ఆసుపత్రికి పది నిమిషాలు. బాపట్లలో గురువారాలు ఒక మందుల షాపు వెనక గదిలో మా సారు పేషెంట్లని చూసేవారు. సమావేశం కూడా గురువారమే పడింది. నన్నూ రమ్మన్నారు. తెనాలిలో రైలెక్కాక ఏం మాట్లాడబోతున్నారు సార్ అని అడిగాను. నేను మాట్లాడనమ్మా అన్నారు. మరి వెళ్ళడం దేనికని నేను అడగలేదు. ఆయన కూడా చెప్పలేదు.

మందుల షాపు దగ్గరికి చేరేసరికి బెంచీ మీద వరసలో మొదట ఒకావిడ కూర్చుని ఉంది. సూర్యలంక పక్క మత్స్యకారుల పల్లె. పేరు పోలమ్మ. డెబ్భై దాటి ఉంటుంది. నుదుటి మీద పాత కుట్ల మచ్చ, కుడి మణికట్టు దగ్గర ఆపరేషన్ గీత. చేతిలో బట్టల షాపు ప్లాస్టిక్ సంచి, దాన్నిండా మందులు. మా దగ్గరికి రావడం అదే మొదటిసారి. మా సారు ఆవిడ పక్కన కూర్చుని, ఇవాళ నిన్ను వేరేచోట, ఇంకో పెద్ద డాక్టరుకి చూపిస్తాను, అక్కడ చాలామంది వింటూ ఉంటారు, నీకు ఇష్టమైతేనే రా, లేకపోతే ఇక్కడే చూస్తాను అన్నారు.

“అక్కడ ఏసీ ఉంటదా?” అంది పోలమ్మ.

“ఉంటుంది. భోజనం కూడా.”

“ఇంకేం. నేను బజారులో చేపలమ్మిన దాన్ని బాబూ. పదిమందిలో మాట్లాట్టం నాకేమన్నా కొత్తా?”

సమావేశంలో మొదట కొన్ని ఆసుపత్రుల వాళ్ళు రావాల్సిన బకాయిల గురించీ, కరెంటు చార్జీల గురించీ మాట్లాడారు. అధికారి నలభై ఏళ్ళ మనిషి. ఆయనా డాక్టరే, మర్యాదస్తుడు. అందరి మాటలూ రాసుకున్నారు. వయసు సంగతి ఎవరో ఎత్తితే, పరీక్ష ఎవరికైనా ఒకటే కదండీ, ఇవాళ వయసుని బట్టి రేటు పెడితే రేపు బరువుని బట్టి అడుగుతారు అన్నారు. హాల్లో కొందరు నవ్వారు. తర్వాత మా వంతు వచ్చింది.

మా సారు మైకు ముందుకు వెళ్ళలేదు. ఒక కుర్చీ తీసుకెళ్ళి అధికారి పక్కన, మోకాలికి మోకాలు తగిలేంత దగ్గరగా వేసి, పోలమ్మని కూర్చోబెట్టారు. “నా పది నిమిషాలు ఈవిడకిస్తున్నానండి. ఈవిడకి ఏమైందో నాకూ తెలియదు. మీరు డాక్టరు గారు కాబట్టి ఒక్కసారి చూడండి” అని వచ్చి నా పక్కన కూర్చున్నారు.

అధికారి కాదనొచ్చు. అనలేదు. బహుశా పేషెంటుని చూసి చాలా కాలమై ఉంటుంది. కళ్ళజోడు సర్దుకుని, ఏంటమ్మా నీ బాధ అన్నారు.

పోలమ్మ మొగుడి తెరచాప పడవ దగ్గర మొదలుపెట్టింది. పడవ పోయి ఇంజను పడవ వచ్చింది, ఇంజను వచ్చాక డీజిలు అప్పు వచ్చింది, అప్పు తీర్చడానికి తాను గంప నెత్తినెత్తుకుని బాపట్ల వీధులు తిరిగింది. మాట్లాడేటప్పుడు ఆవిడ రెండు చేతులూ తిరుగుతూనే ఉండేవి. గంప బరువు చేతుల్లో చూపించింది, వంజరం పొడవు చూపించింది. పది నిమిషాలయ్యేసరికి కథ పెద్దకూతురి పెళ్ళి దాకా వచ్చింది. అధికారి గడియారం చూసుకుని, కొంచెం సూటిగా చెప్పమ్మా అన్నారు.

“సూటిగానే చెబుతున్నా బాబూ. నువ్వే మధ్యలో అడ్డం పడుతున్నావు.”

హాలంతా నవ్వింది. అధికారి కూడా నవ్వి, కలం మూతపెట్టి పక్కన పెట్టేశారు. నాకు తెలిసి ఆ రోజు సమావేశం అక్కడ మొదలైంది.

భోజనాలు సిద్ధమయ్యాయని ఒకతను తలుపు తీసి చూసి, మళ్ళీ మూశాడు. కాసేపటికి ఇంకోసారి చూశాడు. పోలమ్మ మొదటిసారి పడిపోవడం దగ్గరికి వచ్చింది. తెల్లారగట్ల లేచి నిలబడగానే కళ్ళు చీకట్లు కమ్మి పడింది, నుదురు చిట్లింది. కార్డు మీద కుట్లు వేశారు. రెండోసారి చెయ్యి విరిగింది, కార్డు మీద ఆపరేషన్ చేశారు. డాక్టర్లు మంచోళ్ళే బాబూ, రూపాయి తీసుకోలేదు అంది. ఎందుకు పడిపోతున్నావని అడిగారా అన్నారు అధికారి. దెబ్బ ఎక్కడ తగిలిందని అడిగారంది.

అధికారి ఆవిడ సంచి తీసుకుని మందులన్నీ బల్ల మీద పోశారు. ఒక్కో అట్టా తిప్పి చూస్తూ వేరుచేశారు. రెండు అట్టల దగ్గర ఆగిపోయారు. ఒకటి నీలం, ఒకటి ఎరుపు. పేర్లు వేరు, కంపెనీలు వేరు. లోపల ఉన్నది ఒకే బీపీ మందు. ఒకటి బాపట్లలో డాక్టరు రాసింది, ఇంకొకటి ఊళ్ళో ఆరెంపీ ఇచ్చింది.

“ఇవి రెండూ రోజూ వేసుకుంటున్నావా అమ్మా?”

“వేసుకోపోతే ఎట్టా? ఒకరిది మానేస్తే వాళ్ళకి కోపం రాదా?”

అధికారి మా సారు దగ్గర బీపీ మిషను అడిగి తీసుకున్నారు. కూర్చోబెట్టి చూశారు, నిలబెట్టి చూశారు. నిలబెట్టగానే బీపీ పడిపోయింది. పోలమ్మ తూలబోతుంటే ఆయనే రెండు చేతులతో పట్టుకుని కూర్చోబెట్టారు. ఎర్ర అట్ట తీసి పక్కన పెట్టి, ఇది ఇక వద్దమ్మా, ఎవరికీ కోపం రాదు, నేను చెబుతాను అన్నారు. ఆ మాట అన్నప్పుడు ఆయన గొంతు సమావేశాల గొంతులా లేదు.

మా సారు లేచారు. “ఇప్పుడు మీరు చేసిన పనికి జాబితాలో ఎంతుందో చూసి చెబుతారా సార్?”

అధికారి నిజంగానే చూశారు. ఎదురుగా ఉన్న ల్యాప్‌టాపులో వెతికారు. కుట్లకి ఉంది. మణికట్టుకి ఉంది. రేపు పోలమ్మ తుంటి విరగ్గొట్టుకుంటే దానికి చాలానే ఉంది.

“దీనికి లేదండి” అన్నారు చివరికి.

“సున్నా అయినా పెట్టండి” అన్నారు మా సారు. “సున్నా ఉంటే ఎప్పటికైనా ఎవరో ఒకరు పెంచుతారు. అసలు పద్దే లేకపోతే పెంచడానికేం ఉంటుంది?”

హాల్లో ఎవరూ నవ్వలేదు. పోలమ్మ భోజనం ఎక్కడని అడిగింది.

తిరుగు రైల్లో నేనుండబట్టలేక అడిగాను. ఆవిడ మందుల సంగతి మీకు ముందే తెలుసు కదా సార్ అన్నాను. తెలియదన్నారు. తెలిసిన పేషెంటుని తీసుకెళ్తే నాటకమవుతుంది కదమ్మా అన్నారు. ఒకవేళ ఆవిడకేమీ దొరక్కపోతే ఏం చేసేవారని అడిగాను. “ఏమీ లేదని తేలడానికీ అంతసేపే పట్టేది” అని కళ్ళు మూసుకున్నారు. తెనాలి వచ్చేదాకా తెరవలేదు.

కొన్ని నెలలకి కొత్త పద్దు వచ్చింది. సున్నా కాదు, దానికి కొంచెం పైన. క్లెయిము చేయాలంటే రోగి ఫొటోలు, వేలిముద్ర, డాక్టరు వేలిముద్ర, పరీక్ష మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి. ముసలివాళ్ళ వేళ్ళు అరిగిపోయి ముద్ర పడేది కాదు. పరీక్షకన్నా ముద్రకే ఎక్కువసేపు పట్టేదని రజియా విసుక్కునేది. మొదటి క్లెయిము భట్టిప్రోలు నుంచే వచ్చిన ఇంకో తాతది. మతిమరుపని తీసుకొచ్చారు. ఏళ్ళ తరబడి వేసుకుంటున్న నిద్రమాత్ర మాన్పించాక తేరుకున్నాడు. క్లెయిము తిరిగొచ్చింది. చికిత్స ఇచ్చినట్టు ఆధారం లేదన్నారు. మా సారు రజియా పక్కన కూర్చుని జవాబు కొట్టించారు. ఇచ్చిన చికిత్స, ఒక మాత్ర మాన్పించడం. ఆధారం, రోగికి తన పేరు, కూతురి పేరు, తన దగ్గర బదులు తీసుకుని ఎగ్గొట్టిన వాడి పేరు కూడా గుర్తొచ్చాయి.

అది మంజూరైంది. ఆ సంగతి టిఫిన్ వేళ ఆయనే చెప్పారు, రేపు కరెంటు ఉండదట అన్నట్టుగా. ఆ పూట ఇడ్లీల్లోకి చట్నీ వేయించుకున్నారు. మేడం ఆయన వైపు చూసి, వచ్చిన దానితో ఇడ్లీల ఖర్చు గట్టెక్కిందన్నారు. ఆవిడ కూడా ఆ రోజు కింద అంతస్తు ఊసెత్తలేదు.

ఆయన ప్రాక్టీసు ఆగిపోయింది మాత్రం రేట్ల వల్ల కాదు. ఒకరోజు ఒకావిడ వచ్చి కడుపులో మంట అని చెప్పింది. ఆయన కొడుకుతో తంటా అని విన్నారు. కొడుకు సంగతులే అడుగుతూ పోయారు. ఆవిడకి కొడుకుతో తంటా కూడా ఉంది కాబట్టి అన్నీ చెప్పుకుని, ఏడ్చి, తేలికపడి, మంటకి మందు లేకుండానే వెళ్ళబోయింది. నేను గుమ్మం దగ్గర ఆపి మందు రాసిచ్చాను. లోపలికి వెళ్ళి ఆయనకి చెప్పాను. ఆయన రెండోసారి చెప్పమన్నారు. చెప్పాను. చేతులు ఒళ్ళో పెట్టుకుని పేషెంటు కుర్చీ వైపు చూస్తూ కూర్చున్నారు.

చెవికి మిషను పెట్టించుకున్నారు. దాంట్లో ఫ్యాను చప్పుడూ, బయట ఆటోల హారన్లూ, పైన పిల్లల లెక్కలూ శుభ్రంగా వినపడేవి. ఎదురుగా ఉన్న మనిషి మాట తప్ప. రజియాని పక్కన పెట్టుకుని చెవిలో గట్టిగా చెప్పించుకుందామని కొన్నాళ్ళు చూశారు. అలా అయితే పేషెంట్లు సగమే చెప్పేవాళ్ళు. ఒక శనివారం నన్నూ మేడంనీ పిలిచి, ఇక మానేస్తున్నానన్నారు. “వినకుండా క్లెయిము పెడితే అది దొంగ బిల్లమ్మా.” మేడం ఇన్నాళ్ళూ కోరుకున్నది అదే. అయినా ఆవిడ, వచ్చే వారం చెప్పకూడదా అన్నారు.

ఆసుపత్రి స్కానింగ్ సెంటరు అయింది. రజియా అందులోనే చేరింది. నేను రేపల్లెలో సొంతంగా పెట్టుకున్నాను. ఆదివారాలు ఎప్పుడైనా తెనాలి వెళ్ళి ఆయన్ని చూసొచ్చేదాన్ని.

అలా ఒక ఆదివారం వెళ్ళేసరికి వరండాలో పోలమ్మ ఉంది. ఒక్కతే రైలెక్కి వచ్చింది. సంచీలో ఎండు రొయ్యలు తెచ్చింది. నీసు తినని మేడం ఆ సంచీని రెండు వేళ్ళతో పట్టుకుని, చాలా సంతోషం అని లోపలికి తీసుకెళ్ళారు. ఆ సమావేశం తర్వాత పోలమ్మ మళ్ళీ పడలేదట. ఆయన పక్కన కుర్చీలో కూర్చుని చెబుతోంది. మనవడి పడవ, కొత్తగా వచ్చిన రిసార్టులు, ఆదివారాలు గుంటూరు నుంచి వచ్చే జనం, వాళ్ళు తిని పారేసే ప్లేట్లు. ఆయన ఆవిడ మొహంలోకి చూస్తూ కూర్చున్నారు. తలూపడం కూడా లేదు. మధ్యలో కాఫీ వచ్చింది. గంట పైన మాట్లాడి, రైలు వేళవుతోందని లేచి, ఆయన చేతులు కళ్ళకద్దుకుని వెళ్ళిపోయింది.

నేను ఆయన చెవి దగ్గర నోరుపెట్టి, ఏమైనా వినపడిందా సార్ అన్నాను.

“ఒక్క ముక్క వినపడలేదు. నువ్వు లే. వెళ్ళి ఆవిణ్ణి పట్టుకో.”

“ఎందుకండి?”

“రెండు చేతులతో మాట్లాడే మనిషి. కాఫీ తాగిన దగ్గర్నుంచి ఎడమచెయ్యి ఎత్తలేదు. ఇప్పుడు నా చేతులు పట్టుకున్నదీ కుడిచేత్తోనే.”

నేను గంట నుంచి అక్కడే కూర్చున్నాను. రెండు చెవులతో అంతా విన్నాను. చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి పరుగెత్తాను. పోలమ్మ మలుపు దగ్గర ఆటో బేరమాడుతోంది. రెండు చేతులూ ముందుకు చాపమ్మా అన్నాను. ఎందుకని అడుగుతూనే చాపింది. కుడిచెయ్యి నిలబడింది. ఎడమది మెల్లగా కిందికి వాలిపోయింది. ఆవిడ ఆ చేతి వైపు, అది ఎవరిదో అన్నట్టు చూసింది.

అదే ఆటోలో ఇంటిదాకా తీసుకొచ్చాను. మేడం కారు తీశారు. గుంటూరులో డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న, ఎప్పుడు మొదలైంది అని. పక్షవాతం ఇంజెక్షను ఇవ్వాలా వద్దా అన్నది ఆ జవాబు మీదే ఉంటుంది. చాలామంది ఇంటివాళ్ళకి అది తెలియదు. నాకు తెలుసు, కాఫీ ఎప్పుడొచ్చిందో మేడంకి గుర్తుంది కాబట్టి. ఇంజెక్షను పడింది. పోలమ్మ వారానికి లేచి నడిచింది. ఎడమ కాలు కొంచెం ఈడుస్తుంది, అంతే.

ఆ సంగతి చెప్పడానికి వెళ్ళినప్పుడు ఆయన అంతా విని, అంటే నేను చెవిలో అరిచిందంతా విని, కార్డు కింద గుంటూరు వాళ్ళకి ఎంత వచ్చిందని అడిగారు. చెప్పాను. “అది సరైన రేటే” అన్నారు. ఒక రేటుని ఆయన సరైనదనడం నేను వినడం అదొక్కసారే.

ఆ వానాకాలంలోనే పోయారు. మధ్యాహ్నం భోజనం చేసి పడుకుని మళ్ళీ లేవలేదు.

పోలమ్మకి ఆలస్యంగా తెలిసింది. బీపీ చూపించుకోవడానికి రేపల్లెలో నా దగ్గరికి వచ్చినప్పుడు నేనే చెప్పాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏదో ఒకటి చెప్పాలని నేను అన్నాను, ఆ రోజు వరండాలో నువ్వు చెప్పింది ఆయనకి ఒక్క ముక్క కూడా వినపడలేదు తెలుసా అని.

“తెల్దనుకున్నావా?” అంది. “కూర్చోగానే తెలిసింది.”

“మరి అంతసేపు ఎందుకు చెప్పావమ్మా?”

పోలమ్మ కళ్ళు తుడుచుకుంది. ఎడమచేత్తోనే.

“ఆయన చూస్తన్నాడు గదమ్మా” అంది.